గంగపాలగుచున్న క్రోమియము

కాన్పూరు నానుకొనియున్న జాజ్మౌలోని తోళ్ల కర్మాగారముల మురుగునీరు శుద్ధియగుచున్నదని మూడు దశాబ్దులుగా వినుచున్నాము. శుద్ధియైనది నీరా, దస్త్రములా?

కనీస వేతన మీయజాలని కర్మాగారమునకు బ్రతుకు హక్కు లేనట్లే, ప్రాథమిక శుద్ధి యంత్రమును పెట్టజాలని తోళ్ల కర్మాగారమునకును ఆ హక్కు లేదని సుప్రీముకోర్టువారు 1987 సెప్టెంబరులో తీర్పు చెప్పిరి. ఇంతకంటె స్పష్టముగా చెప్పుట యెట్లు? కాని 1994లో నెలకొల్పిన ఉమ్మడి కేంద్రమున జరిగిన దేమి? దినమునకు 90 లక్షల లీటర్ల తోళ్ల నీటికి, దానికి మూడింతలుగ, 2 కోట్ల 70 లక్షల లీటర్ల ఊరి మురుగును కలిపి సూక్ష్మజీవుల కప్పగించు ఏర్పాటు చేసిరి! సూక్ష్మజీవులు కుళ్లును తినును, లోహమును తినజాలవు. క్రోమియము కొంత బురదలో చేరును, మిగిలినది నీటితో పోవును. పాలలో నీళ్లు కలుపువానిని దండించు ప్రభుత్వమే విషములో మురుగు కలిపి దానికి శుద్ధియని పేరిడుట చిత్రము గదా!

ఆ నీటినే వాజిదుపూరు, షేకుపూరు మొదలగు గ్రామముల పొలములకు పారించిరి. తోళ్లకు వాడు క్రోమియము అంత ప్రమాదకరము కాదని యజమానుల వాదము. అది సగము నిజము. నేలలోని మాంగనీసు ఆక్సైడుల సాంగత్యమున ఆ క్రోమియమే కాన్సరును కలిగించు రూపమును దాల్చగలదు. ఈ రెండవ సగమును వారేల చెప్పరు?

ఉపాయము దుర్లభము కాదు. తొట్టిలో వేసిన క్రోమియపు లవణములో తోలు పీల్చునది నూటికి 60, 70 పాళ్లే. మిగిలిన నీటిని, వేరు నీటితో కలియకమునుపే, కర్మాగారములోనే పట్టి మెగ్నీషియము ఆక్సైడు కలిపినచో క్రోమియ మడుగున పేరును. దానిని గంధకికామ్లమున కరగించినచో మరల తొట్టికే పనికివచ్చును. చెన్నపట్టణమందలి కేంద్ర చర్మ పరిశోధనాలయము ఈ విద్య నేనాడో బోధించినది. ఆ సంస్థను పెంచి పెద్దచేసిన డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు మన గుంటూరు జిల్లావారే. విద్య ఇంటనుండగా విషము నేటిపాలు చేయుట ఏమి తెలివి?

చిన్న కర్మాగారము లీ భారమును మోయలేవందురా? పదింటికొక తొట్టి కట్టించి, పెట్టుబడిని ప్రభుత్వమే పెట్టవలెను. కార్మికుని మేము నిందింపము. ఆ నీటిలో చేతులు ముంచువాడు వాడే. 2019 కుంభమేళా కొరకు కర్మాగారములు మూయించినప్పుడు కూలి పోగొట్టుకొన్నవాడును వాడే. యాత్రికుల స్నానమునకు జరిగిన ఆ పని వాజిదుపూరు పైరులకొరకు ఒక్కనాడైన జరిగెనా?

నమామి గంగే ప్రణాళిక క్రింద తోళ్ల నీటికి మాత్రమే 2 కోట్ల లీటర్ల వేరు కేంద్రమును తలపెట్టినారు. కలపుట తప్పని వారే యొప్పుకొన్నట్లయినది. సంతోషమే. కాని క్రోమియపు కాలువను వేరుచేయని కర్మాగారమునకు ఆ గొట్టమును తగిలింపరాదు. కొన్న క్రోమియ మెంత, తోలున కెక్కిన దెంత, తిరిగి పట్టిన దెంత యను లెక్కను ప్రతి కర్మాగారమును నెలనెల బహిరంగముగ ప్రకటింపవలెను. తక్కిన దెచట నున్నదో వాజిదుపూరు రైతు తానే లెక్క వేసికొనును.