ఇంటి ముచ్చట్లు: గాజుతొట్టికి కొత్త చుట్టాలు

డెంకణికోటకు సముద్రం దూరమే. అయినా ఉప్పునీటి తొట్టిలో క్లౌన్ చేపలను పెంచాలని ముచ్చటపడితే కాదనేవారెవరు? నెల ముందే తొట్టి నింపి, చిటికెడు మేత వేస్తూ నడుపవలె. చేప వదలే అమోనియాను హరించే సూక్ష్మజీవులు అప్పటికిగాని నెలకొనవు. మన చలిరాత్రులకు హీటరు పెట్టి, వేడిమి 26 డిగ్రీలు నిలపాలి.

చేపలు రాగానే దీపం ఆర్పి, మూతి విప్పని సంచిని పావుగంట తొట్టిలో తేలనివ్వండి. తరువాత సంచినీటిని గిన్నెలో పోసి, తొట్టినీరు బొట్లుబొట్లుగా కలపమంటారు. బెంగుళూరు నుంచి రెండు మూడు గంటల్లో వచ్చిన చేపకు అది మేలే. చెన్నై నుంచి రాత్రంతా వచ్చినదానికి మాత్రం ప్రమాదమని మా అభిప్రాయం. మూసిన సంచిలో చేరిన బొగ్గుపులుసు వాయువు అమోనియా విషాన్ని అణచి ఉంచుతుంది. మూతి విప్పగానే వాయువు పోయి విషం లేస్తుంది. ఆ నీటిలో గంటలకొద్దీ ఉంచితే చేప దక్కదు. అందుచేత అంగడివారి నీటి ఉప్పదనం ముందే కనుక్కొని, తొట్టిని దానికి సరిచేసుకొని, చేపను వెంటనే దించండి. సంచినీరు తొట్టిలో పడరాదు.

ఆ రాత్రి మేత వద్దు. మూల నక్కినా కంగారుపడకండి. జత కావాలంటే చిన్నవే తెండి. అన్నీ మగవిగానే పుడతాయి, రెండిటిలో పెద్దది ఆడదవుతుంది. సంబంధాలు వెదికే బెడద లేదు!