మట్టల ఆదివారము ముందు రాత్రి



2025 ఏప్రిల్ 12, శనివారము. మరునాడు మట్టల ఆదివారము. ఉద్దానములో మట్టలకు కరువేముంది? వజ్రపుకొత్తూరు మండలములో, సముద్రపు హోరు వినబడే ఒక గ్రామములో మా సంఘము ఉంది. సాయంకాల ప్రార్థన అయ్యాక యౌవనస్థులు ఏడెనిమిది మంది మందిరపు అరుగు మీద కొబ్బరి మట్టలు, ఈత మట్టలు కుప్పపోసి, చిన్నపిల్లల చేతికి సరిపోయేటట్టు కోసి కట్టలు కడుతున్నారు. మధ్యలో నీళ్ల బిందెకు ఆనించి ఒక సెల్‌ఫోను. అందులో హైదరాబాదు ఉప్పల్ మైదానములో సన్‌రైజర్స్ జట్టుకు, పంజాబు జట్టుకు క్రికెట్టు పోటీ.

మందిరపు అరుగు మీద క్రికెట్టేమిటని సంఘపెద్దలు ఒకరిద్దరు మమ్మల్ని అడిగారు. చేతులు పనిలో ఉన్నంతసేపు కళ్లు ఎటున్నా ఫరవాలేదు అన్నాము. నిజము చెప్పాలంటే మేమూ ఒక మట్ట పట్టుకొని అక్కడే కూర్చున్నాము.

ఆట తెలియని తల్లులకు, పెద్దలకు ఒక్క మాట. ఈ ఐ.పి.ఎల్. పోటీలలో ఆటగాళ్లను వేలములో కొంటారు. 2024 నవంబరులో సౌదీ అరేబియాలోని జెడ్డా పట్టణములో జరిగిన వేలములో మన హైదరాబాదు జట్టువారు మొహమ్మద్ షమీ అనే ఫాస్ట్ బౌలరును 10 కోట్ల రూపాయలకు కొన్నారు. వేలము కాక మరొక దారి కూడా ఉంది. ఒక జట్టు తన ఆటగాణ్ణి మరొక జట్టుకు ఇచ్చి, బదులు సొమ్ము గాని, మరొక ఆటగాణ్ణి గాని పుచ్చుకోవచ్చు. దానిని ట్రేడ్ అంటారు. మన సంతలో ఎడ్లను మార్చుకోవడము వంటిదే. ఎద్దును అడగరు, ఆటగాణ్ణి అడుగుతారు, అంతే తేడా.

ఆ రోజుకు హైదరాబాదు జట్టు వరసగా నాలుగు ఆటలు ఓడిపోయి ఉంది. కుర్రవాళ్లు మంట మీద ఉన్నారు. పంజాబు వారు మొదట బ్యాటింగుకు దిగి బాదుతున్నారు. షమీ బంతి వేసినప్పుడల్లా అరుగు మీద పంచాయతీ మొదలు.

"ఈడికి 10 కోట్లేటిరా! ఆ డబ్బులుంటే పలాసలో జీడి ఫ్యాక్టరీ ఎట్టుకోవచ్చు" అన్నాడొకడు. అతడు జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే కుర్రవాడు.

"భువనేశ్వర్‌ని పోనిచ్చారు, నటరాజన్‌ని పోనిచ్చారు. ఉన్నోళ్లని ఒదిలేసి ఈడిని తెచ్చుకున్నారు."

"ఒరే, 2023 వరల్డ్ కప్పు మరిసిపోయావా? 7 మ్యాచీల్లో 24 వికెట్లు. ఆ కప్పులో అందరికన్నా ఎక్కువ ఆడివే."

"అది 2023 కత. ఇప్పుడేటి సేస్తన్నాడో అది సెప్పు."

"మొన్న ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ మీద 5 తీసాడు గదా?"

"మనకి తీసాడేటి? సిరాజ్ మనోడు, హైదరాబాదు గుంటడు. ఆడ్ని గుజరాతోళ్లకి ఒదిలేసారు. మొన్న ఆదివారం అదే ఉప్పల్లో మన మీదే 4 వికెట్లు తీసి ఎల్లిపోయాడు. ఈడిని ట్రేడ్ సేసీమను."

"ఎవులు తీసుకుంటార్రా?"

అందరూ నవ్వారు. మేమూ నవ్వాము.

ఆ అరుగు చివర ప్లాస్టిక్ కుర్చీలో ఒక సహోదరుడు కూర్చొని ఉన్నాడు. వయసు 50 దాటలేదు. ఒకప్పుడు కొబ్బరి దింపులో ఆయనంత చురుకైన మనిషి మా గ్రామములో లేడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి చెట్లను పడగొట్టినప్పుడు ఆయన కూలి పడిపోయింది. ఆ తరువాత మూడేళ్లకు కాళ్లు వాచాయి, ఆకలి పోయింది. రక్త పరీక్ష చేయించారు. ఉద్దానము వారికి ఇక మేము చెప్పనక్కరలేదు. ఈ వ్యాధి మూలమేమిటో ఇన్నేళ్ల పరిశోధనలలోను తేలలేదు. ఒకప్పుడు రక్తశుద్ధి కోసము విశాఖపట్నము దాకా పోయేవారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. హిరమండలము నుండి మంచినీళ్లూ పైపులలో తెచ్చారు. దారి దగ్గరపడింది గాని, వెళ్లవలసిన మనిషికి వారానికి రెండు రోజులు పోయినట్టే. తోడు వెళ్లే భార్యకు ఆ రెండు రోజుల కూలీ పోయినట్టే.

ఆ రాత్రి అరుగు మీద అందరికన్నా గట్టిగా అరుస్తున్నవాడు ఆయన కొడుకే.

పంజాబు వారి ఆఖరి ఓవరు షమీకే ఇచ్చారు. స్టోయినిస్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు చివరి నాలుగు బంతులను వరసగా నాలుగు సిక్సర్లు కొట్టాడు. ఆ ఒక్క ఓవరులో 27 పరుగులు. మొత్తము 4 ఓవర్లలో 75 పరుగులు, ఒక్క వికెట్టు లేదు. ఐ.పి.ఎల్. చరిత్రలో అప్పటివరకు భారతీయ బౌలరెవరూ ఒక ఆటలో అన్ని పరుగులు ఇవ్వలేదట. దానికన్నా ఒక్క పరుగు ఎక్కువ, అంటే 76 ఇచ్చినవాడు జోఫ్రా ఆర్చర్. అదీ 20 రోజుల ముందు ఇదే మైదానములో, మన జట్టు చేతిలోనే. ఆ రోజు మన కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు.

"పనికిరానోడ్ని ఇంకా ఎన్నాళ్లు మోస్తార్రా!" అన్నాడు ఆ కొడుకు.

అన్నాక గాని వానికి తెలియలేదు. అరుగు మీద మాట ఆగిపోయింది. మట్టలు కోసే కత్తుల చప్పుడొక్కటే. కొడుకు తల వంచుకొని, కట్టిన కట్టనే మళ్లీ విప్పి కట్టాడు.

ఆ సహోదరుడు ఫోను వైపే చూస్తూ అన్నాడు: "కాలికి కత్తెట్టినోడురా ఆడు. దగ్గర దగ్గర యేడాది ఆటకే రానేదు. ఒల్లు మునపట్లా రమ్మంటే వచ్చీదేటి?"

ఆయన చెప్పినది నిజమే. 2024 ఫిబ్రవరిలో షమీ మడమకు శస్త్రచికిత్స జరిగింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక పల్లెటూరి రైతు కొడుకు. ఎంత పెద్ద ఆటగాడైనా మడమ మడమే గదా. ఈ సంగతి అరుగు మీద వాదించుకొన్న ఎనిమిది మందికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాడు సూది నొప్పి ఎరిగినవాడు.

తరువాత హైదరాబాదు వారు 246 పరుగుల కోసము దిగారు. అభిషేక్ శర్మ అనే కుర్రవాడు అంతకు ముందు ఐదు ఆటలలో కలిపి 51 పరుగులు చేశాడు. వాణ్ణి కూడా తీసివేయాలని మా వాళ్లు ముందు వారమే తీర్పు చెప్పి ఉన్నారు. 28 దగ్గర వాడు క్యాచ్ ఇచ్చేశాడు. అయ్యో అనేలోపు అది నో బాల్ అన్నారు. బతికిపోయాడు. మొత్తము 55 బంతులలో 141 కొట్టాడు. ఇంకా 9 బంతులు ఉండగానే ఆట అయిపోయింది. కుర్రవాళ్లు మట్టలు ఊపుకొంటూ గెంతారు. మట్టలు రేపటికి దాచండర్రా అని మేము కేకలు వేయవలసి వచ్చింది. షమీ మాట ఇక ఎవరూ తలవలేదు.

రాత్రి పదకొండు దాటాక ఆ సహోదరుణ్ణి టార్చిలైటుతో ఇంటి దాకా దింపడానికి వెళ్లాము. సగము దారిలో ఆగి, "అయ్యగారూ, సోమవారం నేను పలాస ఎల్లను" అన్నాడు.

ఎందుకని అడిగాము.

"ఎల్లనంతే. మోసీవోళ్లకీ ఓపిక ఉండాల గదండి."

కొడుకు మాటకు నొచ్చుకున్నావా అన్నాము. కాదన్నాడు. గుంటడు ఆట గురించి అన్నాడు, ఆడ్నేటీ అనకండి అన్నాడు. కొంచెము ఆగి, "గంట కూడా మీరు తీసేసినారు గదండి" అన్నాడు.

చదువరులారా, ఇక్కడ మా సంగతి చెప్పక తప్పదు. పన్నెండేళ్లు మా మందిరపు గంట కొట్టినవాడు ఆయనే. తెల్లవారుజామున ప్రార్థనకు, ఆదివారపు ఆరాధనకు, చావుకు, పెళ్లికి ఆయన చేతి గంటే. వ్యాధి వచ్చాక ఒకటి రెండు సార్లు ఆలస్యమైంది. 2025 మార్చిలో కమిటీ కూర్చొని పది నిమిషాలలో ఆ పని మరొకరికి ఇచ్చాము. ఆయనకు విశ్రాంతి అని పుస్తకములో రాశాము. క్రికెట్టులోను జట్టులోనుండి తీసివేసినవాణ్ణి ఒక్కొక్కసారి విశ్రాంతి ఇచ్చామనే అంటారని కుర్రవాళ్లు తరువాత మాకు చెప్పారు. ఆయనను పిలిచి అడగాలన్న ఆలోచన ఆ రోజు మాలో ఎవరికీ రాలేదు. పైన ఎద్దు మాట తమాషాకు రాశాము గాని, రాసేటప్పుడు మాకు అంత నవ్వు రాలేదు.

ఆ చీకటిలో మేము ఏమీ చెప్పలేకపోయాము. ప్రార్థన చేసి వచ్చేశాము.

ఇంటికి వచ్చి మరునాటి ప్రసంగము కోసము మార్కు సువార్త 11వ అధ్యాయము తెరిచాము. గాడిదపిల్ల, బట్టలు, మట్టలు, కేకలు. వాక్యము చూస్తూనే ఉన్నాము గాని, మనసు రాసిన మనిషి మీదికి పోయింది. ఈ సువార్త రాసినవాడు మార్కు అనే మారుపేరుగల యోహానేనని సంఘపు తొలి పెద్దల సాక్ష్యము. అతని కథ అపొస్తలుల కార్యములలో ఉంది. మొదటి సువార్త ప్రయాణములో పౌలు, బర్నబాలతో బయలుదేరి, పంఫూలియలోని పెర్గే దగ్గర విడిచిపెట్టి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో లేఖనము చెప్పదు. ఇంటి మీద బెంగో, జ్వరమో, భయమో. రెండవ ప్రయాణమప్పుడు వాణ్ణి తీసుకొని వెళ్దామని బర్నబా. మధ్యలో విడిచిపోయినవాడు వద్దని పౌలు. ఆ ఇద్దరికీ ఎంత వాదము వచ్చిందంటే, చివరికి వేరైపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకొని ఓడ ఎక్కి కుప్రకు పోయాడు. పౌలు సీలను ఏర్పరచుకొన్నాడు.

పౌలును తప్పు పట్టడము సులువు. మేము పట్టము. ముందున్న దారిలో రాళ్లదెబ్బలున్నాయని ఆయనకు తెలుసు, నమ్మదగిన తోడు కావాలి. లెక్క ప్రకారము ఆయన మాటే సరి. మా కమిటీ లెక్క కూడా సరిగానే ఉంది, గంట వేళకు మోగాలి గదా. ఏళ్లు గడిచాక అదే పౌలు సంకెళ్లలో ఉండి తిమోతికి రాసిన రెండవ పత్రిక చివర, మార్కును వెంటబెట్టుకొని రమ్మని అడుగుతాడు, అతడు తనకు పనికివచ్చేవాడని చెబుతాడు. ఈ భాగము మీద మేము ఇదివరకు ఐదారు సార్లు ప్రసంగించాము. ప్రతిసారీ బర్నబా పక్క నిలబడే ప్రసంగించాము. మార్చిలో పుస్తకములో సంతకము పెట్టిన చెయ్యి మాత్రము బర్నబాది కాదు.

తెల్లవారుజామున వాళ్ల ఇంటికి వెళ్లాము. ఆయన భార్య టీ పెట్టింది. కొడుకు గుమ్మములో కూర్చొని ఉన్నాడు, రాత్రి పడుకొన్నట్టు లేడు. గంట విషయములో అడగకుండా చేశాము, తప్పు మాది, ఈ రోజు నువ్వే కొట్టాలి అన్నాము.

ఆయన ఎడమ చెయ్యి చూపించాడు. రక్తశుద్ధి కోసము నరములు కలిపి కుట్టిన చెయ్యి, ఫిస్టులా అంటారు. ఆ చేత్తో బరువు లాగకూడదు. "తాడు లాగీవోడ్ని కానండి ఇప్పుడు" అన్నాడు.

కుడి చెయ్యి ఉంది గదా అన్నాము.

"కుడి చేత్తో అలవాటు నేదండి. దెబ్బ సరిగా పడదు."

"పడకపోతే పడలేదు" అన్నది ఆయన భార్య లోపలి నుండి.

ఆ రోజు గంట ఐదు నిమిషాలు ఆలస్యముగా మోగింది. దెబ్బలు ఒకదానికొకటి సరిగా లేవు. కొడుకు పక్కన నిలబడ్డాడు, తాడు మాత్రము ముట్టుకోలేదు. ఒక పెద్దాయన ఆలస్యము గురించి మమ్మల్ని అడిగారు. వచ్చే కమిటీలో మాట్లాడుదాము అన్నాము. మాట్లాడాము కూడా, పది నిమిషాలు కాదు, రెండు గంటలు పట్టింది. ఆయన పలాస వెళ్లే రోజులలో మరొకరు కొడతారు, మిగతా రోజులు ఆయనే. ఈసారి ఆయననూ కూర్చోబెట్టి అడిగాము.

సోమవారము ఉదయము పలాస ఆటోలో ఆయన ఎక్కాడు. పక్కన భార్య కాదు, కొడుకు. తండ్రీ కొడుకులు ఏమి మాట్లాడుకొన్నారో మేము అడగలేదు.

ఆ పోటీలలో షమీ 9 ఆటలు ఆడి 6 వికెట్లే తీశాడు. 2025 నవంబరులో హైదరాబాదు వారు అతణ్ణి లక్నో జట్టుకు ట్రేడ్ చేశారు. ఆ వార్త ఫోనులో చదివి వినిపించినవాడు జీడి ఫ్యాక్టరీ కుర్రవాడే. నేను ముందే సెప్పాను గదా అని వాడికి సంబరము.

అప్పుడు ఆ సహోదరుడు మందిరము మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. "లక్నోవోళ్లు ఎంతకి తీసుకున్నార్రా?" అని అడిగాడు.

"అదే 10 కోట్లు, చిన్నాన్నా."

"అయితే తగ్గనేదన్నమాట" అని, తాడు దగ్గరికి లేచాడు.