కోతులను తరలిస్తే చాలదు, ఫలితం కొలవాలి

నిర్మల్ జిల్లా రైతుకు కోతుల బెడద గురించి వేరే చెప్పనక్కరలేదు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ మంద దిగిందంటే ఆ చేను మీద ఆశ వదులుకోవలసిందే. ఇంటి పెరట్లో కూరగాయలు వేయడమే మానుకున్నవారు ఎందరో ఉన్నారు. ఈ బాధ పడలేక గ్రామస్థులు తలా కొంత చందా వేసుకుని కోతులు పట్టేవారిని పిలిపిస్తున్నారు. బోనులో పడ్డ కోతులను బండి ఎక్కించి, దూరాన అడవి అంచున వదిలివేయడంతో పని ముగిసిందని అందరూ అనుకుంటున్నారు.

అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. వదిలిన కోతులు ఆ అడవిలో నిలిచాయా? తిండి దొరక్క పక్క ఊరి చేలమీద పడ్డాయా? మన ఊరి పీడ వదిలిందంటే, అది మరో ఊరికి చుట్టుకుందని అర్థం కాకూడదు కదా! ఎన్ని కోతులను పట్టారో, ఎంత సొమ్ము చెల్లించారో లెక్క ఉంటుంది. వదిలిన తరువాత వాటి గతి ఏమైందన్న లెక్క మాత్రం ఏ ఊళ్లోనూ కనిపించదు.

ఆ లెక్క తీసే మార్గం ఒకటి ఉంది. అది కోతి మలాన్ని పరీక్షించడం. వినడానికి నవ్వులాటగా తోచవచ్చు గాని, ఇందులో పరిహాసం ఏమీ లేదు. మనిషికైనా కోతికైనా భయం, ఆకలి, అలజడి కలిగినప్పుడు మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. కాలేయం దానిని విరగగొట్టి పేగులలోకి పంపుతుంది. ఆ అవశేషాలు మలంలో బయటకు వస్తాయి. కోతి ఈ వేళ పడిన అలజడి ఒకటి రెండు రోజుల్లో దాని మలంలో తెలుస్తుందన్నమాట.

రక్తం తీసి చూడవచ్చు కదా అని అడగవచ్చు. కోతిని పట్టి సూది గుచ్చితే, ఆ బెదురుకే కొద్ది నిమిషాల్లో హార్మోను పెరిగిపోతుంది. అప్పుడు మనం కొలిచేది మనం పెట్టిన భయాన్నే! మలం విషయంలో ఆ చిక్కు లేదు. ఏ కోతి వేసిందో దూరం నుంచి కనిపెట్టి, అది వెళ్లిపోయాక తాజాగా ఉండగానే సేకరించి చల్లగా భద్రపరచాలి. ఆలస్యమైతే సూక్ష్మజీవులు హార్మోనును మార్చివేస్తాయి. ప్రయోగశాలలో దానిని ఎండబెట్టి, ఆల్కహాలుతో హార్మోనును వేరుచేసి, గ్రాముకు ఎన్ని నానోగ్రాములున్నదీ లెక్కకడతారు. నానోగ్రాము అంటే గ్రాములో 100 కోట్లవ వంతు.

ఇందుకోసం విదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదు అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఉన్నది. కన్హా, బాంధవ్‌గఢ్ అడవుల్లోని పులుల మలాన్ని ఆ శాస్త్రజ్ఞులు పరీక్షించి, సందర్శకులు వచ్చే కాలంలో పులులలో ఒత్తిడి హార్మోను పెరుగుతున్నదని 2019లో వెల్లడించారు. మొరాకో దేశంలోని ఇఫ్రాన్ జాతీయ వనంలో మగ బార్బరీ కోతులపై జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. యాత్రికులతో కయ్యాలు ఎక్కువైన కోతులలో ఈ హార్మోను కూడా ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది.

మన రైతులు ముఖ్యంగా తెలుసుకోవలసినది కర్ణాటక ఏనుగుల సంగతి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పంటలమీద పడే ఏనుగులలో ఒత్తిడి హార్మోను అడవి ఏనుగులకంటే తక్కువగా ఉన్నది. పొలంలో మేలైన మేత దొరకడమే అందుకు కారణం కావచ్చునని వారు భావించారు. కోతులకు కూడా ఇదే వర్తిస్తుందో లేదో పరీక్షించి చూడవలసిందే. వర్తించేటట్లయితే, మొక్కజొన్న రుచి మరిగిన మందను ఎంత దూరం తరలించినా అది మళ్లీ చేనునే వెతుక్కుంటుంది.

"పంట పోయి మేము ఏడుస్తుంటే, కోతి మనసు కనుక్కోమంటారా?" అని రైతు సోదరులు కోపగించవచ్చు. ఆ కోపం న్యాయమైనదే. కాని ఈ పరీక్ష కోతి మీద జాలితో చేయమనడం లేదు. రైతు చెల్లించిన చందాకు ఫలితం దక్కిందో లేదో తేల్చుకోవడానికే చేయమంటున్నాము. పట్టకముందు కొన్ని వారాలు, వదిలిన తరువాత కొన్ని వారాలు మలం పరీక్షించి, మంద ఎటు తిరుగుతున్నదో కూడా గమనిస్తే నిజం బయటపడుతుంది. హార్మోను పెరిగి వారాల తరబడి దిగకపోతే, ఆ మంద అక్కడ కుదుటపడలేదని అనుమానించాలి.

ఈ ఒక్క అంకెతోనే తీర్పు చెప్పేయరాదు. ఋతువు, తిండి, చూలు వంటివి కూడా హార్మోనును మారుస్తాయి. ప్రతి జాతి కోతికీ పరీక్ష సరిగా పనిచేస్తున్నదో లేదో ముందుగా సరిచూసుకోవాలి. మలం పరీక్ష కోతులను ఆపదు. ఏది పనిచేస్తున్నదో, ఏది దండుగో చెబుతుంది.

కోతులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసేందుకు గండి రామన్న వద్ద రక్షణ, పునరావాస కేంద్రం 2020 డిసెంబరులో ప్రారంభమైన సంగతి జిల్లా ప్రజలకు విదితమే. అటవీశాఖ, పశువైద్యులు లాకోన్స్ సహకారంతో ఈ పరీక్షను మన జిల్లాలోనే మొదలుపెట్టడం సముచితం. ముందుగా రెండు మూడు మందలతో ఆరంభించి, ఫలితాలను గ్రామసభలో చదివి వినిపించాలి. అంతవరకు ఒక ఊరి కోతులను మరో ఊరి పొలిమేరలో వదిలే పద్ధతికి స్వస్తి చెప్పాలి. పంట నష్టపోయిన రైతుకు పరిహారం మాత్రం ఏ పరీక్ష కోసమూ ఆగరాదు. సంబంధిత అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించాలి.