ఐదు నిమిషాలే కదా!

అయిజ దగ్గర ఓ పల్లె. పోలియోతో చిన్నప్పుడే రెండు కాళ్లూ చచ్చుబడిన ఓ మనిషి. పక్క చక్రాలు బిగించిన స్కూటీ, సీటు వెనక కట్టుకున్న చంక కర్రలు... అవే ఆయన ఆస్తి. పింఛను డబ్బుల పని మీద గద్వాల బయల్దేరాడనుకుందాం. ఊరి నుంచి పట్టణం దాకా ఎవరి సాయమూ అక్కర్లేదు. ఎండైనా వానైనా తనే నడుపుకొంటూ వచ్చేస్తాడు. చిక్కంతా చివరి ముప్పై అడుగుల్లోనే! బ్యాంకు మెట్ల పక్కన ర్యాంపు ఉంది. దానికి అడ్డంగా నాలుగు బైకులున్నాయి. ఐదోది అప్పుడే వచ్చి ఆగింది.

‘తమ్మీ, బండి జర పక్కకు వెట్టవా?’

‘ఐదు నిమిషాలే అన్నా... గిప్పుడే వస్త!’

తమ్ముడు లోపలికెళ్లిపోయాడు. అన్న ఎండలో ఉండిపోయాడు. ఇందులో తమ్ముడు చెడ్డవాడేం కాదు. అడిగితే చేయందించి మెట్లెక్కించే రకమే. కాకపోతే తన బండే అడ్డమన్న ఆలోచన అతనికి రాలేదు. అసలు సమస్య అక్కడే ఉంది.

ముప్పై మీటర్ల లెక్క

హైదరాబాద్‌లో పెద్ద మాల్‌కో, విమానాశ్రయానికో వెళ్తే నేల మీద నీలం రంగులో చక్రాల కుర్చీ బొమ్మ కనిపిస్తుంది. 1968లో సుసానె కోఫోయెడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసిన బొమ్మ అది. ఆమె గీసినప్పుడు దానికి తల లేదు. ఖాళీ కుర్చీలా ఉందని తర్వాత ఓ గుండ్రని తల చేర్చారు. కుర్చీ కాదు, అందులో మనిషి ఉన్నాడని గుర్తుచేయడానికన్నమాట!

ఆ గడి ఎక్కడపడితే అక్కడ గీసేది కాదు. మన దేశ మార్గదర్శకాల ప్రకారం భవనం ప్రధాన ద్వారానికి 30 మీటర్ల లోపే ఉండాలి. వెడల్పు కనీసం 3.6 మీటర్లు. అంత వెడల్పెందుకంటారా? కారు తలుపు బార్లా తీసి, పక్కనే చక్రాల కుర్చీ పెట్టుకుని, అందులోకి మారాలంటే ఆ మాత్రం చోటు కావాలి. ‘కొంచెం పక్కగానే పెట్టాంలే’ అని మనం సగం గడి ఆక్రమించినా, మొత్తం ఆక్రమించినట్టే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి పట్టణాల్లో ఈ నీలం గడులు అరుదు. ఇక్కడ బాధలు వేరు. ర్యాంపు మీద బైకులు, దుకాణం ముందు సామాన్ల బస్తాలు, ఫంక్షన్‌హాల్ గుమ్మానికి ఆనుకుని పెద్దమనుషుల కార్లు. అటు నగరంలో గీత ఉన్నా ఆక్రమణే. ఇటు గీతే లేదు. మనస్తత్వం మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

‘ఖాళీగానే ఉందిగా!’

అడిగితే వచ్చే జవాబులు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది ఐదు నిమిషాలు. రెండోది, ‘ఎవరూ రావట్లేదు కదా, ఖాళీగానే ఉందిగా!’ ఆర్టీసీ బస్సులో దివ్యాంగుల సీటు ఖాళీగా ఉంటే మనం కూర్చుంటాం. ఎవరైనా ఎక్కితే లేచి ఇస్తాం. అందులో తప్పేం లేదు. కానీ బండి పెట్టి లోపలికెళ్లిన మనిషిని ఎవరు లేపాలి? ఏ కౌంటర్ దగ్గరున్నాడని వెతకాలి? సీటుకీ పార్కింగుకీ తేడా అదే.

మూడోది కాస్త సున్నితమైన విషయం. దివ్యాంగుల చోట్లో కారు ఆపి ఎవరైనా నడుచుకుంటూ దిగితే, ‘మనిషి బాగానే ఉన్నాడుగా, దొంగ సర్టిఫికెట్టేమో’ అని గుసగుసలు మొదలవుతాయి. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్, తలసీమియా, సికిల్‌సెల్... ఇవన్నీ అందులో ఉన్నాయి. పైకి కనిపించనంత మాత్రాన బాధ లేనట్టు కాదు. నాలుగడుగులు వేయగలిగిన వ్యక్తికి నలభయ్యో అడుగు నరకం కావచ్చు.

అక్కడా అంతే!

ఇదంతా మన దగ్గరేనా అంటే, కాదు. 1999లో అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆటగాళ్లు కొందరు దివ్యాంగుల పార్కింగ్ కార్డులను అక్రమంగా సంపాదించి దొరికిపోయారు. మైదానంలో చిరుతల్లా పరిగెత్తే కుర్రాళ్లు! కోర్టు వారికి సమాజ సేవ చేయమని శిక్ష వేసింది. యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ దివ్యాంగుల చోట్లో కారు పెట్టేసే అలవాటు గురించి ఆయన జీవితచరిత్రలోనే ఉంది. బ్రిటన్‌లో ‘బ్లూ బ్యాడ్జ్’ను దుర్వినియోగం చేస్తే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. చదువూ డబ్బూ ఉన్నంత మాత్రాన ఈ గ్రహింపు రాదన్నమాట. అయితే ఒక తేడా ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన మనవాళ్లు అక్కడ నీలం గీత జోలికి పోరు. జరిమానా భయం! అదే మనిషి ఊళ్లో దిగగానే ర్యాంపు మీద బండి పెడతాడు.

చట్టం ఏమంటోంది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలు దాటారు. వారి కోసం పాత ప్రభుత్వ భవనాలను సైతం ఐదేళ్లలో అనువుగా మార్చాలని 2016 చట్టం చెప్పింది. నిబంధనలు వెలువడింది 2017 జూన్‌లో. అంటే 2022తోనే ఆ గడువు ముగిసింది. ఉమ్మడి పాలమూరు నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల కొత్త కలెక్టరేట్లు ప్రారంభమైంది ఆ చట్టం వచ్చాకే. వనపర్తిది 2022లో, నాగర్‌కర్నూల్, గద్వాలలవి 2023లో. ఇలాంటి కొత్త భవనాల్లో ఈ సౌకర్యాలు ఎప్పుడో అతికించేవి కావు, పునాదితోనే రావాల్సినవి.

చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. నలుగురిలో దివ్యాంగులను కావాలని అవమానిస్తే ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు కూడా ఉంది. పక్కకు తియ్యమన్నందుకు ‘కుంటోడికి ఇంత పొగరా’ అనేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

సౌకర్యాల అమలు కోసం రాజీవ్ రతూరి అనే అంధుడు సుప్రీంకోర్టుకెక్కారు. 2017లో కోర్టు ఆదేశాలిచ్చింది. పని ఎంతవరకు జరిగిందో చూసి చెప్పమని హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న మరో తీర్పు వచ్చింది. సౌకర్యాల ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదని, తప్పనిసరి నిబంధనలు కావాలని న్యాయమూర్తులు తేల్చిచెప్పారు.

మన చేతిలో ఉన్నదెంత?

తీర్పులు ఢిల్లీలో వస్తాయి. బండి మాత్రం మన చేతిలోనే ఉంటుంది. బ్యాంకు మేనేజరు ఓ డబ్బా నీలం రంగు తెప్పించి గుమ్మం పక్కనే గడి గీయించొచ్చు. సెక్యూరిటీ గార్డుకు ‘ర్యాంపు మీద బండి పెట్టనియ్యకు’ అని ఒక్కమాట చెప్పొచ్చు. ఫంక్షన్‌హాల్ యజమాని గుమ్మం దగ్గరి చోటు ఎమ్మెల్యే కారుకే కాకుండా చక్రాల కుర్చీకీ అట్టిపెట్టొచ్చు. దుకాణదారు సామాన్ల బస్తాలు ర్యాంపు మీంచి తీయించొచ్చు.

ఇంట్లో పెద్దలు చేయాల్సిందీ ఉంది. బైకు మీద ముందు కూర్చున్న పిల్లాడు నాన్న బండి ఎక్కడ పెడుతున్నాడో చూస్తూనే ఉంటాడు. ‘నాన్నా, ఇక్కడ కుర్చీ బొమ్మ ఉంది’ అని వాడన్నప్పుడు, ‘ఏం కాదులే’ అంటే రేపు వాడూ అదే అంటాడు. ‘అవును కదా’ అని బండి వెనక్కి తీస్తే పాఠం అక్కడే పూర్తవుతుంది.

మళ్లీ బ్యాంకు దగ్గరికే వద్దాం. స్కూటీ మీద ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. ర్యాంపు మీదున్న బైకుల్లో ఒకటి మనదే అనుకుందాం. దాన్ని పది అడుగుల అవతల పెట్టి రావడానికి ఎంతసేపు పడుతుంది?

ఐదు నిమిషాలే కదా!