మద్రాసులో ఎనిమిది గంటలు!

విశాఖలో ఎక్కిన విమానం ఉదయం పదింటికి మద్రాసులో దింపేసింది. మధురై వెళ్ళే రెండో విమానం సాయంత్రం ఆరింటికి. మధ్యలో అక్షరాలా ఎనిమిది గంటలు! ("మద్రాసేమిటండీ, చెన్నై కదా!" అని ఉత్తరం రాయకండి. 1996లో పేరు మారిన సంగతి నాకూ తెలుసు. సినిమా పిచ్చివాడి నోటికి మద్రాసనే వస్తుంది, ఏం చెయ్యను?)

ఇదివరకు ఇలాంటప్పుడు నేను చేసే పని ఒకటే. కుర్చీలో కూలబడి, బంగారం ధరకి కాఫీ తాగి, గోడ గడియారాన్ని తిట్టుకోవడం. ఈసారి మాత్రం లెక్క వేశాను. బయటపడడానికి ఓ గంట తీసెయ్యండి. తిరిగొచ్చి తనిఖీలు దాటి కూర్చోడానికి రెండు గంటలు తీసెయ్యండి. రానూపోనూ దారికి గంటన్నర. వెరసి మూడున్నర గంటలు మిగిలాయి. ఒక సినిమా చూసి, ఇంటర్వెల్లో రెండుసార్లు టీ తాగేంత సమయం! రెండు విమానాలకూ ఒకే టిక్కెట్టు కావడంతో పెట్టె దాని దారిన అది పోతుంది. చేతిసంచితో బయటపడ్డాను.

విమానాశ్రయంలోనే మెట్రో స్టేషనుంది. అలందూరులో రైలు మారితే వడపళని మూడో స్టేషను. మీనంబాకం ఎండలో ఆటోవాడితో బేరాలాడే బాధ తప్పింది.

వడపళనే ఎందుకంటారా? మన పాత సినిమాలు సగం పుట్టింది ఆ చుట్టుపక్కలే కదా! ఆర్కాట్ రోడ్డు మీద ఏవీయం స్టూడియో ముందు ఆ భూగోళం ఇప్పటికీ ఉంది. 'భూకైలాస్' (1958), 'సంసారం ఒక చదరంగం' (1987) తీసిన సంస్థ. లోపల 2023లో మ్యూజియం పెట్టారు. ఆనాటి కెమెరాలు, పాతకాలపు కార్లు వరసగా నిలబెట్టారు. ఆ కెమెరాల ముందు ఎవరెవరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారో అనుకుంటూ నిలబడితే గంట ఇట్టే గడిచింది. మురుగన్ గుడికి వెళ్ళేసరికి మధ్యాహ్నం తలుపులు వేసేశారు. గోపురానికే దణ్ణం పెట్టి కదిలాను.

అసలు నేను చూడాలనుకున్నది వాహినీ స్టూడియో. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన చోటు. నాగిరెడ్డిగారి హయాంలో ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని చెప్పుకునేవారు. మన 'చందమామ' ఆఫీసు చిరునామా కూడా ఒకప్పుడు ఈ వడపళనే.

ఇక్కడ మీకో ఇంటి గుట్టు చెప్పాలి. 1974లో, ఇరవయ్యేళ్ళ వయసులో, మా నాన్న ఇంట్లో చెప్పకుండా మద్రాసు రైలెక్కేశాడు. మూడు నెలలపాటు రోజూ వాహినీ గేటు ముందు నిలబడ్డాడు. కార్లు లోపలికి వెళ్ళేవి, వచ్చేవి. గూర్ఖా మాత్రం ఈయన్ని ఒక్క అడుగు లోపలికి వెయ్యనివ్వలేదు. డబ్బులయిపోయి ఇంటికొచ్చి, ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరాడు. ఆ మూడు నెలల గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆయన అసలే మాట్లాడడు.

ఆ చోట ఇప్పుడేముందో తెలుసా? ఆసుపత్రి, హోటలు, పెద్ద షాపింగ్ మాలు. సినిమాలు తీసిన నేల మీద సినిమా హాళ్ళు! ఎస్కలేటర్ పక్కన నిలబడి నాన్నకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావురా?"

"వాహినీలో, నాన్నా."

అవతల చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"గేటు ఉందా?"

అబద్ధం చెబుదామా అనిపించింది. నోరు రాలేదు. "లేదు నాన్నా. స్టూడియోయే లేదు. మాలు కట్టారు. ఎవరైనా వెళ్ళొచ్చు."

మళ్ళీ మౌనం. తర్వాత నవ్వు! "అయితే ఇప్పుడెవరూ ఆపరన్నమాట! సరే, నా బదులు కూడా ఓసారి తిరిగిరా. కాళ్ళు నొప్పులని మధ్యలో కూర్చోకు."

తిరిగాను. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా, ఏమీ కొనకుండా, ఒక్క కొట్టూ వదలకుండా! కాపలా అతను నాకేసి రెండుసార్లు అనుమానంగా చూశాడు. ఆపలేదు.

నాలుగింటికల్లా విమానాశ్రయంలో ఉన్నాను. రాత్రి మధురైలో దిగగానే నాన్న మళ్ళీ ఫోన్. ఆ మూడు నెలలూ ఏ సత్రంలో పడుకున్నదీ, ఇడ్లీలు ఎక్కడ అప్పుపెట్టిందీ అన్నీ చెప్పుకొచ్చాడు. యాభై ఏళ్ళ మాటలు!

మీకూ ఎప్పుడో, ఏదో ఊళ్ళో ఇలాంటి గంటలు దొరుకుతాయి. ముందు లెక్క వేసుకోండి, తిరిగొచ్చే టైము గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ ఊళ్ళో మీ ఇంటివాళ్ళు ఎవరైనా ఏ గేటు దగ్గరైనా ఆగిపోయారేమో, ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి. మిగతా ప్లాను వాళ్ళే చెబుతారు!