సగం రాడ్డుకు పూర్తి బిల్లా?



మన కల్యాణ మండపాల్లో ఎర్తు రాడ్డు దించే తీరు చూస్తూనే ఉన్నాము. సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తారు. రాయి తగలగానే మిగిలింది కోసేసి మట్టి కప్పుతారు. బిల్లు మాత్రం పూర్తి పొడవుకు! అడిగితే "లైటు వెలుగుతోంది కదా" అంటారు. ఎర్తు లేకపోయినా లైటు వెలుగుతుందండీ. వంటింటి గ్రైండరు బాడీకి కరెంటు పాకిన రోజున కావాలి ఆ రాడ్డు.

ఐఎస్ 3043 ప్రకారం రాడ్డు పొడవు కనీసం 2.5 మీటర్లు. రాయి అడ్డొస్తే నిలువుకు 30 డిగ్రీలు మించకుండా ఏటవాలుగా దించమంది, కోయమనలేదు. తల చితికితే క్లాంపు ఎక్కదు, అందుకే టోపీ తొడిగి కొట్టాలి.

పాత రాడ్డు పైకి తీస్తేనే అప్పట్లో ఎంత దించారో బయటపడుతుంది. మెయిన్ ఆపి, వైరు విప్పి, చుట్టూ నీళ్ళు పోసి నాననివ్వండి. పైపు రెంచితో తిప్పి పట్టు వదిలించి, గొలుసు కట్టి జాకీతో నిటారుగా లేపండి.

రైల్వేలో బిల్లులు చూసినవాళ్ళం మేము. కొలవని పనికి సంతకం లేదు. దించేముందు టేపు పెట్టండి, దించాక మీటరు పెట్టి చూపించమనండి. పెళ్ళికొచ్చిన పిల్లల ప్రాణం దగ్గర కక్కుర్తి వద్దు.