జరిమానా యెవరికి? మేలు ఎవరికి?

ఆండ్రాయిడ్ ఫోనులయందు తన యాధిపత్యమును దుర్వినియోగపఱచినందులకు గూగుల్ సంస్థపై భారత పోటీ కమిషనువారు 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. 2023 మార్చిలో అప్పిలేటు ట్రిబ్యునలువారు దానిని స్థిరపఱచిరి. మే మిందులకు సంతసించుచున్నాము.

కాని చట్టముచొప్పున నా ధనము ప్రభుత్వపు సంచితనిధికిఁ జేరును. ఫోను కొన్నవానికి దమ్మిడీయైనను రాదు. వానికి మేలు చేయునవి జరిమానాతో వెలువడిన యుత్తరువులే. అన్వేషణ యంత్రమును తానే యెన్నుకొను హక్కు నిలిచినది. ముందే చేర్చిన గూగుల్ యాప్‌లను తొలగించుకొను స్వేచ్ఛ నొసంగిన యుత్తరువును మాత్రము ట్రిబ్యునలువారు కొట్టివైచిరి.

చేను మేసిన పశువును బందెలదొడ్డికిఁ దోలి రుసుము రాబట్టినంతమాత్రమున రైతునకుఁ బైరు తిరిగి రాదు, కంచె వలయును. ఇట్టి తీర్పులను జరిమానా మొత్తమునుబట్టి గాక, ప్రజలకు దక్కిన స్వేచ్ఛనుబట్టి తూఁచవలయునని మా యభిప్రాయము.